వెనక్కి నడిపితే ఊరు దొరకదు: భూసమీప గ్రహశకలాల పుట్టింటి లెక్క

అందరికీ నమస్కారం.

బెన్ను అనే రాయితో మొదలుపెడతాను. అడ్డంగా అరకిలోమీటరు ఉంటుంది. 1999 సెప్టెంబరు 11న, ఆకాశాన్ని గాలించే లీనియర్ సర్వే దాన్ని పట్టుకుంది. తర్వాత నాసా వారి ఒసైరిస్-రెక్స్ నౌక రెండేళ్లకు పైగా దాని దగ్గరే ఉండి, 121.6 గ్రాముల మట్టీ గులకరాళ్లూ తీసుకుని 2023 సెప్టెంబరు 24న భూమికి పంపింది. దాని కక్ష్యను ఎంత గట్టిగా పట్టుకున్నారంటే, ఎండ తగిలి వేడెక్కి ఆ వేడిని వదిలేటప్పుడు వచ్చే చిన్న తోపుడికి అది ఏడాదికి 284 మీటర్లు సూర్యుడి వైపు జరుగుతోందని కూడా లెక్క ఉంది. కోట్ల కిలోమీటర్ల దూరంలో ఉన్న కొండ ఏడాదికి మూడు ఫుట్‌బాల్ మైదానాలంత జరిగితే మనకు తెలుస్తోంది.

ఇంత తెలిశాక ఎవరికైనా వచ్చే ఆలోచన ఒకటే. గురుత్వాకర్షణ సమీకరణాలకు ముందూ వెనకా తేడా లేదు కదా, కంప్యూటర్‌లో కాలాన్ని వెనక్కి తిప్పితే సరి, అంగారకుడికీ గురుడికీ మధ్య ఉన్న గ్రహశకలాల పట్టీలో ఏ పెద్ద రాయి నుంచి విరిగిందో కనిపిస్తుంది. కనిపించదు. ఎందుకు కనిపించదో చెప్పడానికే ఈ సాయంత్రంలో సగం సరిపోతుంది. మిగతా సగం, మరి ఏం చేస్తారో చెప్పడానికి.

భూసమీప గ్రహశకలం అంటే సూర్యుడికి అతి దగ్గరగా వచ్చే బిందువు, అంటే పరిహేళి, 1.3 ఏయూ లోపల ఉన్నది. ఏయూ అంటే భూమికీ సూర్యుడికీ సగటు దూరం, 15 కోట్ల కిలోమీటర్లు. ఇప్పటికి 35,000 పైనే దొరికాయి. ఇవి భూమి, శుక్రుడు, అంగారకుడు, వీటి దారులకు అడ్డంగా తిరుగుతుంటాయి. ఎప్పుడో ఒకప్పుడు ఏదో ఒక గ్రహానికి దగ్గరగా వెళ్తాయి. చిక్కంతా అక్కడే. పక్కపక్కనే వస్తున్న రెండు రాళ్లలో ఒకటి గ్రహానికి కాస్త దగ్గరగా, ఇంకొకటి కాస్త దూరంగా పోతే, గ్రహం ఒక్కోదాన్ని ఒక్కోలా వంచుతుంది. తర్వాత వాటి చుట్టు కాలాల్లో ఒక్క సెకను తేడా వచ్చిందనుకోండి. వేగం సెకనుకు 30 కిలోమీటర్లు. చుట్టుకు 30 కిలోమీటర్ల చొప్పున ఎడం పెరుగుతూ పోతుంది. ఆ ఎడంతోనే మళ్లీ గ్రహం దగ్గరికి వస్తాయి, మళ్లీ వంపు.

భూమి కక్ష్యను దాటే రాళ్లకు ఈ తేడా సుమారు వందేళ్లకోసారి 2.7 రెట్లు అవుతుందని అనుకుందాం, చాలావాటికి ఆ మోతాదే. ఈరోజు తప్పు ఒక్క మీటరే. వెయ్యేళ్లకు 22 కిలోమీటర్లు. అంతేనా అనిపిస్తుంది. రెండు వేల ఏళ్లకు 4.8 లక్షల కిలోమీటర్లు, చంద్రుడి దూరం దాటేసింది. మూడు వేల ఏళ్లకు లెక్క ప్రకారం వెయ్యి కోట్ల కిలోమీటర్లు రావాలి, అది నెప్ట్యూన్ దూరానికి రెట్టింపు. అంటే ఆ పాటికి రాయి తన కక్ష్య మీద ఏ మూల ఉందో చెప్పే అర్హత మనకు పోయింది. బెన్ను 2135 సెప్టెంబరులో చంద్రుడికంటే దగ్గరగా భూమిని దాటుతుంది. అంత గట్టిగా తెలిసిన బెన్ను లెక్క కూడా ఆ ఒక్క దాటుడు తర్వాత విప్పిన జడలా పాయలు పాయలుగా విడిపోతుంది. మనకు కావలసింది వందేళ్ల సంగతి కాదు, పది లక్షల ఏళ్ల సంగతి.

సరే, ఒక్క రాయికి బదులు కొద్ది కొద్ది తేడాలతో వెయ్యి నకళ్లు, క్లోన్లు, చేసి అన్నింటినీ వెనక్కి నడిపితే ఎక్కువమంది ఎక్కడికి చేరితే అదే పుట్టిల్లు అనుకోవచ్చా? చాలామంది మొదటిసారి చేసే పని ఇదే. చేసి చూడండి, తమాషాగా ఉంటుంది. కోటి ఏళ్లు వెనక్కి నడిపితే సగానికి పైగా క్లోన్లు సూర్యుడిలోకి పోతాయి. కొన్ని గురుడి చేతికి చిక్కి సౌరకుటుంబం దాటిపోతాయి. పట్టీకి చేరేవి కొన్నే. దీన్ని నమ్మితే గ్రహశకలాలు సూర్యుడిలోంచి పుట్టుకొచ్చాయని రాయాలి! [నవ్వులు] కారణం ఏమిటంటే, సమీకరణాలకు ముందూ వెనకా తేడా లేదు కాబట్టి వెనక్కి నడిపినా ముందుకు నడిపినా క్లోన్ల గుంపు ఒకేలా చెదురుతుంది. అక్కడ మీరు చూస్తున్నది రాయి గతం కాదు, దాని భవిష్యత్తును అద్దంలో చూస్తున్నారు.

వెనక్కి నడపడం పనికొచ్చే చోటు ఒకటుంది, దాన్ని చెప్పకపోతే అన్యాయం. పట్టీ లోపల, గ్రహాల దారిలోకి రాకుండా బుద్ధిగా తిరిగే రాళ్ల కక్ష్యలు లక్షల ఏళ్లు నిలకడగా ఉంటాయి. కారిన్ అనే చిన్న కుటుంబం, అంటే ఒకే రాయి ముక్కల గుంపు, ఉంది. 2002లో నెస్వోర్నీ బృందం దాని సభ్యులను వెనక్కి నడిపితే, 58 లక్షల ఏళ్ల దగ్గర అన్నింటి కక్ష్యల దిశలూ ఒకచోట కలిశాయి. ఒక రాయి బద్దలైన రోజు అది. దిశలు కలవడం అంటే ఏమిటో పంచాంగం చూసేవాళ్లకు సులువుగా తెలుస్తుంది. రాహుకేతువులు చంద్రుడి కక్ష్య సూర్యుడి దారిని ఖండించే రెండు బిందువులు. అవి వెనక్కి నడుస్తూ 18.6 ఏళ్లకు ఒక చుట్టు పూర్తిచేస్తాయి. ప్రతి గ్రహశకలానికీ అలాంటి రాహువూ కేతువూ ఉంటాయి, వేల ఏళ్లకొక చుట్టు తిరుగుతాయి. కలిసి పుట్టిన రాళ్ల రాహువులన్నీ పుట్టిన రోజున ఒకే చోట ఉంటాయి. బెన్నులాంటి వాటికి ఈ లెక్క నడవదు, భూమి దాన్ని ఎన్నిసార్లు ఝాడించిందో తెలియదు కాబట్టి.

అందుకని ప్రశ్ననే మార్చుకోవాలి. ఈ రాయి ఏ దారిన వచ్చింది అని అడగడం మానేసి, ఇలాంటి కక్ష్యలో ఇప్పుడు కనిపించే రాళ్లలో ఏ గుమ్మం నుంచి వచ్చినవి ఎన్ని అని అడగాలి.

గుమ్మాలు అన్నాను. అవేమిటో చూద్దాం. గురుడు సూర్యుడి చుట్టూ తిరగడానికి 11.86 ఏళ్లు. దాన్ని మూడుతో భాగిస్తే 3.95 ఏళ్లు. ఆ చుట్టు కాలం ఉన్న కక్ష్య 2.5 ఏయూ దగ్గర ఉంటుంది. అక్కడ రాయి మూడు చుట్లు తిరిగేసరికి గురుడు ఒక చుట్టు, మళ్లీ అదే చోట ఎదురుపడతారు. ప్రతిసారీ ఒకే వైపు నుంచి లాగుతుంటే కక్ష్య కోలగా సాగుతుంది. దీనికి 3:1 అనునాదం అని పేరు. పట్టీలో అక్కడ ఖాళీ ఉందని 1866లో కిర్క్‌వుడ్ గమనించాడు. ఆ ఖాళీకి కారణం గందరగోళ గతి అని జాక్ విజ్డమ్ 1980ల మొదట్లో కంప్యూటర్ లెక్కతో చూపించాడు. 2.82 దగ్గర 5:2, 3.27 దగ్గర 2:1 కూడా ఇలాంటివే.

రెండో రకం గుమ్మం ఇంకా ముఖ్యం, పేరు న్యూ-6. ఇక్కడ చుట్టు కాలాల పొంతన కాదు, కోలగా ఉన్న కక్ష్యలు మొత్తంగా మెల్లగా తిరిగే వేగాల పొంతన. శని కక్ష్య ఏడాదికి సుమారు 28 వికలల చొప్పున తిరుగుతుంది, ఒక చుట్టుకు దగ్గరదగ్గర 46,000 ఏళ్లు. పట్టీ లోపలి అంచున, 2.1 ఏయూ దగ్గర, భూమి కక్ష్య తలానికి వాలు తక్కువ ఉన్న కక్ష్యలు కూడా అదే వేగంతో తిరుగుతాయి. జోడు కుదిరితే ఉత్కేంద్రత, అంటే కక్ష్య ఎంత కోలగా ఉందో చెప్పే అంకె, పెరుగుతూనే పోతుంది. 2.1 దగ్గర ఉత్కేంద్రత 0.38 అయితే పరిహేళి 1.3కి దిగి రాయి భూసమీపం అనిపించుకుంటుంది. 0.52 అయితే భూమి కక్ష్యను తాకుతుంది. పది లక్షల ఏళ్లలో అయిపోయే పని.

రాయి ఈ గుమ్మం దాకా ఎలా వస్తుంది? ఇందాక చెప్పిన ఎండ తోపుడే, యార్కోవ్‌స్కీ ప్రభావం. కిలోమీటరు రాయి పది లక్షల ఏళ్లకు మహా అయితే 0.0002 ఏయూ జరుగుతుంది. 0.1 ఏయూ జరగాలంటే 50 కోట్ల ఏళ్లు. చిన్న రాయి అయితే అంతకంటే వేగం. ఇక్కడ ఒక చిన్న నియమం ఉంది, తర్వాత పనికొస్తుంది, గుర్తుపెట్టుకోండి: కక్ష్యలో తిరిగే దిక్కుకు ఎదురుగా తన చుట్టూ తాను తిరిగే రాయి లోపలికి జరుగుతుంది, అదే దిక్కున తిరిగేది బయటికి జరుగుతుంది.

ఇప్పుడు అసలు లెక్క. దీనికి తిరుమల క్యూ కంటే మంచి ఉదాహరణ నాకు దొరకలేదు. "ఇన్ని కంపార్ట్‌మెంట్లు నిండాయి, సర్వదర్శనానికి ఇన్ని గంటలు" అని రోజూ పేపర్లో వస్తుంది కదా. అంకెలు ఊరికే అనుకుందాం. గంటకు వెయ్యిమంది సర్వదర్శనానికి, వెయ్యిమంది 300 రూపాయల టికెట్ మీద వస్తున్నారు. సర్వదర్శనం వాళ్లు 18 గంటలు లోపలుంటారు, టికెట్ వాళ్లు 3 గంటలు. ఏ సమయంలో లెక్కపెట్టినా లోపల సర్వదర్శనం వాళ్లు 18,000, టికెట్ వాళ్లు 3,000 ఉంటారు. వచ్చేవాళ్లు సమానం, ఉన్నవాళ్లు ఆరింతలు. లోపల ఉన్న జనం అంటే వచ్చే వేగాన్ని లోపల గడిపే కాలంతో గుణించినది.

గ్రహశకలాలకు ఇదే లెక్కను 2002లో బాట్కే బృందం వేసింది. ఐదు గుమ్మాలు తీసుకుని, ఒక్కో గుమ్మం దగ్గర వేల కణాలను పెట్టి ముందుకు నడిపారు. కక్ష్యల జాగాను పెట్టెలుగా కోశారు: సూర్యుడి నుంచి సగటు దూరం 0.05 ఏయూ, ఉత్కేంద్రత 0.02, వాలు 5 డిగ్రీలు, ఇలా ఒక్కో పెట్టె ఒక్కో కంపార్ట్‌మెంట్. ఏ గుమ్మం నుంచి వచ్చిన కణం ఏ పెట్టెలో ఎంతకాలం గడిపిందో కూడుతూ పోయారు. కిలోమీటరు స్థాయి రాళ్లు మొత్తం 960 అని వాళ్ల అంచనా. అందులో న్యూ-6 వాటా 37 శాతం, అంగారకుడి కక్ష్యను దాటేవాటి నుంచి 25, 3:1 నుంచి 23, బయటి పట్టీ నుంచి 8, గురుడి కుటుంబపు తోకచుక్కల నుంచి 6.

ఈ శాతాలను చూసి బయటి పట్టీ పెద్దగా ఏమీ పంపడం లేదనుకుంటే పొరపాటు. న్యూ-6 దారిన వచ్చిన రాయి భూసమీపంలో సగటున 65 లక్షల ఏళ్లు ఉంటుంది. 3:1 దారిన వచ్చింది 22 లక్షలు. బయటి పట్టీ నుంచి వచ్చింది 1 లక్షా 40 వేల ఏళ్లే. భాగించి చూడండి. పది లక్షల ఏళ్లకు న్యూ-6 పంపేది 55 రాళ్లు, 3:1 పంపేది 100, బయటి పట్టీ పంపేది దాదాపు 550! ఎక్కువ పంపేది బయటి పట్టీ. నిలవనిచ్చేది మాత్రం న్యూ-6.

ఎందుకు నిలవవు? 3.27 ఏయూ దగ్గరి రాయి తీసుకోండి. దాని పరిహేళి 1.3కి దిగాలంటే ఉత్కేంద్రత 0.6 కావాలి. అప్పుడు రెండో కొస ఎక్కడుంటుంది? 3.27ను 1.6తో గుణిస్తే 5.23. గురుడు ఉండేది 5.2. అంటే మన గుమ్మంలో అడుగుపెట్టేసరికే దాని రెండో కాలు గురుడి వాకిట్లో ఉంది. ఆయన ఊరుకుంటాడా? విసిరి అవతల పారేస్తాడు.

ఇక ఫలానా రాయికి జవాబు ఎలా చెప్తారంటే, అది ఏ పెట్టెలో ఉందో చూస్తారు. ఉదాహరణకు ఊరికే రెండు అంకెలు: ఆ పెట్టెలో న్యూ-6 రాయి సగటున 10,000 ఏళ్లు గడుపుతుంది, 3:1 రాయి 2,000 ఏళ్లు. వచ్చే వేగాలతో గుణిస్తే 0.55, 0.20. మిగతా గుమ్మాలను పక్కన పెడితే, ఆ రాయి న్యూ-6 నుంచి వచ్చే అవకాశం 73 శాతం. ఇంతకంటే గట్టిగా చెప్పేవాళ్లను నమ్మకండి.

ఈ మాట నిజమని ఎలా తెలుసు? నాకు చాలా నచ్చిన పరీక్ష ఒకటుంది. ఇందాక గుర్తుపెట్టుకోమన్న నియమం ఇక్కడ కావాలి. న్యూ-6 ఉన్నది పట్టీ లోపలి అంచున. అక్కడికి లోపలికి జరిగే రాళ్లే చేరగలవు, అంటే ఎదురు దిక్కున తిరిగేవే. మిగతా గుమ్మాలకు రెండు వైపుల నుంచీ రావచ్చు, సగం సగం. అయితే భూసమీపంలో ఎదురు తిరిగేవి 37, దానికి 63లో సగం కలిపితే 68.5 శాతం. రెండుకొకటి ఉండాలన్నమాట. 2004లో లా స్పీనా బృందం తిరిగే దిక్కు తెలిసిన భూసమీప రాళ్లన్నీ లెక్కపెడితే రెండుకొకటే వచ్చింది. రాళ్ల కక్ష్యల నుంచి తీసిన అంకె, రాళ్ల భ్రమణంతో సరిపోయింది. బెన్ను కూడా ఎదురు తిరిగేదే, దాని అక్షం దాదాపు తలకిందులు.

ఇప్పుడు చేతిపని. ఇక్కడ విద్యార్థులు చాలామంది ఉన్నారు, ల్యాప్‌టాప్ మీద రీబౌండ్ అనే ఉచిత ప్రోగ్రామ్‌తో ఇదంతా చిన్న ఎత్తున చేయొచ్చు. ఎక్కడ చెడుతుందో చెప్తాను, ఎందుకంటే చెడినప్పుడు అది ఎర్ర అక్షరాల్లో చెప్పదు. చక్కగా నడిచి తప్పు జవాబు ఇస్తుంది.

మొట్టమొదట తలాలు. గ్రహాలను భూమధ్యరేఖ తలంలోనూ, రాయిని క్రాంతివృత్త తలంలోనూ, అంటే భూమి కక్ష్య తలంలోనూ, తెచ్చుకుంటే వాలులో 23.4 డిగ్రీల తేడా. ప్రోగ్రామ్‌కు అదేమీ పట్టదు. నడపకముందు భూమి వాలు అచ్చువేసి చూడండి, సున్నాకు దగ్గరగా లేకపోతే ఆపేయండి. రెండోది తేదీ. రాయి కక్ష్య ఒక తేదీది, గ్రహాలు ఇంకో తేదీవి అయితే, భూమి రోజుకు 26 లక్షల కిలోమీటర్లు నడుస్తుందని మరిచిపోకండి. అంతర్జాతీయ గడియారానికీ, ఖగోళ లెక్కల కాలానికీ 69 సెకన్ల తేడా ఉంది. అది వదిలేసినా రెండు వేల కిలోమీటర్లు పోయినట్టే. లక్షల ఏళ్ల గణాంకాలకు ఈ రెండో తప్పు పట్టించుకోనక్కరలేదు గానీ, వందేళ్ల లెక్కకు ప్రాణం తీస్తుంది.

క్లోన్లు. కక్ష్యను చెప్పే ఆరు అంకెలకు, అంటే కక్ష్యాంశాలకు, ఆరు దోషాలు జాబితాలో ఉంటాయి. వాటిని విడివిడిగా తీసుకుని పాచికలు వేస్తే తప్పు. అవి ఒకదానికొకటి ముడిపడి ఉంటాయి, ఒకటి పెరిగితే ఇంకొకటి తగ్గాలి. ఆరింటినీ కలిపే కోవేరియన్స్ మాత్రిక నాసా వారి జేపీఎల్ ప్రయోగశాల వాళ్లు ఇస్తారు, దాని నుంచే తీయాలి. లేకపోతే మీ క్లోన్లలో చాలావాటి కక్ష్యలు టెలిస్కోపు చూసిన బిందువుల గుండా అసలు పోవు.

టైమ్ స్టెప్, అంటే లెక్క ఒక్కో అడుగులో ఎంత కాలం దాటుతుందన్నది. ఎక్కువమంది బోల్తా పడేది ఇక్కడే, కాస్త నిలబడి చూద్దాం. బుధుడి చుట్టు 88 రోజులు, దాన్ని ఇరవై భాగాలు చేస్తే నాలుగు రోజులకు పైన. గ్రహాల వరకు నాలుగు రోజుల స్టెప్ చాలు. మన రాయి భూమిని సెకనుకు 20 కిలోమీటర్లతో దాటుతోందనుకోండి. నాలుగు రోజుల్లో 69 లక్షల కిలోమీటర్లు పోతుంది. భూమి ప్రభావం ఉండే గోళం, అంటే హిల్ గోళం, వ్యాసార్ధం 15 లక్షల కిలోమీటర్లు, ఈ అంచు నుంచి ఆ అంచుకు 30 లక్షలు. అంటే మీ కణం భూమి ఇవతల ఒక అడుగు, అవతల ఒక అడుగు వేసి, భూమి ఉన్నట్టే తెలియకుండా దూకేసింది. గ్రహం వంచడమే కథ అయినప్పుడు, ఆ వంపే లెక్కలో లేకుండా పోయింది. అందుకే గ్రహం దగ్గరికి రాగానే స్టెప్ తనంతట తాను చిన్నది చేసుకునే కలగలుపు ఇంటిగ్రేటర్, అంటే కక్ష్యను అడుగు అడుగుగా నడిపే పద్ధతి, వాడాలి. రీబౌండ్‌లో దాని పేరు మెర్క్యూరియస్. దూరంగా ఉన్నప్పుడు పెద్ద అడుగులు, గ్రహం హిల్ గోళానికి మూడింతల దూరంలోకి రాగానే చిన్న అడుగులు వేసే ఐయాస్15 అనే ఇంటిగ్రేటర్ చేతికి అప్పగిస్తుంది.

సూర్యుడి దగ్గర ఇంకో గొడవ. పరిహేళి 0.1 ఏయూ ఉన్న రాయి ఆ మలుపును ఎనిమిది రోజుల చుట్టు ఉన్న వస్తువంత వేగంగా తిరుగుతుంది. నాలుగు రోజుల స్టెప్ అంటే ఆ మలుపుకు రెండే అడుగులు. శక్తి లెక్క తప్పి కణం లేనిపోని తోపుడు తింటుంది. 2012లో గ్రీన్‌స్ట్రీట్, ఎన్గో, గ్లాడ్‌మన్ 4 గంటల స్టెప్‌తో నడిపినప్పుడు సూర్యుడి నుంచి సగటు దూరం 1 ఏయూ లోపు ఉండే అతెన్, అతీరా తరగతుల వాటా పెరిగింది. అంతేకాదు, సూర్యుడి చుట్టూ ఎదురు దిక్కున తిరిగే కక్ష్యల్లోకి కూడా కొన్ని రాళ్లు తిరగబడ్డాయి. ఖర్చు మాత్రం ఉంది. 12 గంటల స్టెప్‌తో కోటి ఏళ్లంటే 730 కోట్ల అడుగులు. కణాలకు ద్రవ్యరాశి సున్నా పెట్టండి, ఒకదాన్నొకటి లాగవు కాబట్టి పనిని ఎన్ని కోర్లకైనా పంచొచ్చు. ఆపాల్సిన చోట్లు కూడా ముందే రాసిపెట్టుకోండి: సూర్యుడి ఉపరితలం, గ్రహం తగలడం, 100 ఏయూ దాటడం.

ఇంకొకటి. కణాలను అనునాదం నడిబొడ్డున చేత్తో పెట్టేసి మొదలుపెట్టడం పాత పద్ధతి. నిజం రాళ్లు అలా రావు, ఎండ తోపుడికి పక్క నుంచి జరుగుతూ వస్తాయి, వచ్చేటప్పుడు పట్టీలోని అసలు వాలులను వెంటబెట్టుకుని వస్తాయి. గ్రాన్విక్ బృందం 2018 నమూనాలో, అంటే కంప్యూటర్ మోడల్‌లో, నిజం గ్రహశకలాలను అలా జరిపి గుమ్మం ఎక్కించారు, గుమ్మాలు ఏడు చేశారు. 2023లో వచ్చిన నియోమాడ్ అనే నమూనాలో పన్నెండు.

నమూనా ఆకాశంతో సరిపోయిందా అని చూడాలంటే టెలిస్కోపు ఏమేం చూడలేదో కూడా లెక్కలోకి రావాలి. ఆరిజోనాలోని కాటలీనా సర్వే జూలై, ఆగస్టు వానల్లో మూతపడుతుంది. ఆ నెలల్లోనే దగ్గరికొచ్చే రాళ్లు తక్కువ దొరుకుతాయి. భూమి కక్ష్యకు లోపలుండేవి సంధ్య వేళల్లోనే కనిపిస్తాయి. ఈ గుడ్డితనాన్ని పెట్టె పెట్టెకూ లెక్కగట్టి నమూనాను దానితో గుణించాకే పోల్చాలి. అలా పోల్చినప్పుడే ఒక వింత బయటపడింది. సూర్యుడికి బాగా దగ్గరగా వచ్చే కక్ష్యల్లో సిమ్యులేషన్ చెప్పినన్ని రాళ్లు ఆకాశంలో లేవు. 2016లో గ్రాన్విక్ బృందం ఇచ్చిన వివరణ ఏమిటంటే, రాళ్లు సూర్యుడిలో పడేదాకా ఆగడం లేదు. 0.076 ఏయూ, అంటే సూర్యుడి వ్యాసార్ధానికి పదహారు రెట్ల దూరంలోనే ముక్కలైపోతున్నాయి. నల్లటివి ఇంకా ముందే. అప్పటినుంచి ఆపాల్సిన చోట్ల జాబితాలో ఇది కూడా చేరింది.

మరి బెన్ను? కక్ష్య న్యూ-6 వైపు చూపిస్తుంది, వాలు 6 డిగ్రీలే. రంగు బొగ్గు. లోపలి పట్టీలో, వాలు తక్కువ ఉండి నల్లగా ఉన్న పెద్ద కుటుంబాలు రెండు: యులేలియా, పొలానా. రెండింటి నుంచీ ముక్కలను కోట్ల ఏళ్లు జరిపి న్యూ-6లోకి ఎక్కిస్తే 2015 లెక్కలో యులేలియాకు 70, పొలానాకు 30 శాతం వచ్చింది. కక్ష్య గుమ్మం వరకే చెప్పగలదు. గుమ్మం నుంచి ఇంటికి తీసుకెళ్లేది రంగు.

ఆకాశంలో రాళ్లకు చెప్పిన జవాబు చేతిలో ఉల్కకు చెల్లదు, ఇది కూడా కాస్త వినండి. కిలోమీటరు స్థాయి భూసమీప రాళ్లలో ఎల్ఎల్ రకం కాండ్రైట్‌ను, అంటే ఒక తరగతి రాతి ఉల్కను, పోలినవి చాలా ఎక్కువ. నేల మీద పడే ఉల్కల్లో మాత్రం ఎల్ఎల్ రకం పదోవంతు కూడా రాదు, హెచ్, ఎల్ రకాలే ఎక్కువ. చిన్న ముక్కలు వేగంగా జరుగుతాయి, తొందరగా అరిగిపోతాయి కూడా. కాబట్టి ఈమధ్య బద్దలైన కుటుంబాలే చిన్న ముక్కలను కుమ్మరిస్తాయి. 2024లో బ్రోజ్, మార్సెట్ బృందాల లెక్క ప్రకారం పడే ఉల్కల్లో దాదాపు 70 శాతం మూడు కుటుంబాలవే: కారిన్, కొరోనిస్-2, మస్సాలియా. మొదటి రెండూ 58, 76 లక్షల ఏళ్ల కిందటివి, హెచ్ రకం. హెచ్ ఉల్కల్లో ఒక పెద్ద గుంపు అంతరిక్షంలో కాస్మిక్ కిరణాలు తిన్న కాలం 70–80 లక్షల ఏళ్లని ప్రయోగశాలలు ఎప్పటినుంచో చెబుతున్నాయి. ఇప్పుడు రెండు లెక్కలూ ఒకచోట కలిశాయి.

నమూనా అసలు అనుకోని గుమ్మం కూడా ఒకటుంది. కామోఓఅలేవా అనే 40 నుంచి 100 మీటర్ల రాయి 2016లో దొరికింది. సూర్యుడి చుట్టూ తిరుగుతూనే భూమిని అంటిపెట్టుకుని ఉంటుంది. 2021లో దాని వర్ణపటం చూస్తే మామూలు గ్రహశకలంలా లేదు, చంద్రుడి మట్టిలా ఉంది. చంద్రుడి పలాయన వేగం సెకనుకు 2.38 కిలోమీటర్లే కాబట్టి గట్టి దెబ్బ తగిలితే ముక్కలు తప్పించుకుంటాయి. అలా తప్పించుకున్న కణాలను నడిపితే కొద్ది శాతం ఇలాంటి కక్ష్యలో కుదురుకుంటున్నాయి. 2024లో ఒక బృందం జోర్డానో బ్రూనో అనే 22 కిలోమీటర్ల కుర్ర బిలాన్ని చూపించింది. చైనా పంపిన తియాన్‌వెన్-2 ఆ రాయి ముక్క తేవడానికి 2025 మేలో బయలుదేరింది. ఐదు గుమ్మాల నుంచి పన్నెండు దాకా వచ్చిన జాబితాల్లో చంద్రుడు లేడు. జాబితాలో లేని గుమ్మానికి నమూనా ఎప్పుడూ సున్నా శాతమే ఇస్తుంది. ఈ పరిమితి తెలిసి వాడాలి.

ప్రశ్నలుంటే అడగండి.

ప్రశ్న: దశాంశ స్థానాలు ఇంకా పెంచి, సూపర్ కంప్యూటర్‌లో నడిపితే వెనక్కి పోలేమా సార్?

కంప్యూటర్ తప్పు కాదండీ. అది 16 అంకెలు మోస్తోంది, 32 కూడా మోయగలదు. మన కొలతలో అన్ని అంకెలు లేవు. పైగా ఎండ తోపుడు రాయి తిరిగే తీరు మీద ఆధారపడుతుంది, ఆ తిరుగుడును ఎండే మెల్లగా మారుస్తుంది. లక్ష ఏళ్ల కిందట బెన్ను ఎలా తిరిగేదో ఏ పరికరమూ కొలవలేదు. అదే ప్రోగ్రామ్‌ను వేరే కంపైలర్‌తో కట్టినా చివరి దశాంశం మారి కణం ఇంకో దారి పడుతుంది. ఒక్కో కణం దారి మారినా, వేల కణాల సగటు మారకూడదు. మారిందంటే కణాలు చాలలేదని అర్థం.

ప్రశ్న: మన దగ్గర పడ్డ ఉల్కలకు ఈ లెక్క చేశారా?

నెల్లూరు జిల్లాలో 1852లో పడ్డది ఒకటుంది, కేటలాగులో యాటూర్ అని ఉంటుంది, హెచ్5 రకం. రకాన్ని బట్టి కారిన్, కొరోనిస్-2 వైపు మొగ్గు చూపవచ్చు, అంతే. 1852లో దాని దారిని ఫోటో తీసినవాళ్లు లేరు. పడుతుండగా కెమెరాలకు చిక్కి కక్ష్య తేలిన మొదటి ఉల్క 1959 నాటి ప్రిబ్రమ్, చెకోస్లొవేకియాలో. 2013లో చెల్యాబిన్స్క్ రాయి కక్ష్య కట్టింది మాత్రం కార్లలో పెట్టుకున్న కెమెరాల్లాంటి మామూలు వీడియోల నుంచే. కాబట్టి ఇక్కడ ఎప్పుడైనా పెద్ద ఉల్క కనిపిస్తే మీ ఇంటి సీసీటీవీ కూడా పనికొస్తుంది. ఫైలును వాట్సాప్‌లో పంపకండి, అది కుదించేస్తుంది, అసలు ఫైలు దాచండి. కెమెరాను కదపకండి. దాని గడియారం ఫోన్ గడియారానికి ఎన్ని సెకన్లు తేడా ఉందో అదే రోజు రాసిపెట్టండి. రాత్రి అదే చోటు నుంచి, అదే కోణంలో చుక్కలు కనిపించేలా ఒక ఫోటో తీయండి, ఆ చుక్కలతోనే దిక్కులు కొలుస్తారు. వంద కిలోమీటర్ల అవతల ఇంకొకరు ఇదే పని చేసి ఉంటే, రెండూ కలిపి కక్ష్య కట్టొచ్చు.